ఒక్క మూల చాలు

ఐర్లండ్ చిన్న దేశమే. ఉత్తర ఐర్లండ్‌ను కలుపుకుని ద్వీపం మొత్తం లెక్కేసినా మన తెలంగాణ అంత ఉండదు. డబ్లిన్‌లో పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మోటార్‌వే మీద మధ్యాహ్నం భోజనం వేళకు పడమటి తీరంలో గాల్వే చేరిపోతాం. ప్రయాణాన్ని పాడుచేసేది సరిగ్గా ఈ సౌకర్యమే. ఇంత చిన్న దేశాన్ని మూడు రోజుల్లో చుట్టెయ్యలేమా అనిపిస్తుంది. డబ్లిన్‌లో చదువుకునే పిల్లలు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వేసవిలో ఊరినుంచి అమ్మానాన్నల్ని రప్పించుకున్నప్పుడు వేసే ప్లాను వినండి: మొదటి రోజు మోహర్ కొండచరియలు, గాల్వే. రెండో రోజు కైల్‌మోర్ అబీ, అట్నుంచి స్లైగో. మూడో రోజు జెయింట్స్ కాజ్‌వే, బెల్‌ఫాస్ట్, రాత్రికి ఇల్లు. తిరిగొచ్చాక అందరూ అడిగేది 'ఎన్ని కవర్ చేశారు?' అనే. చెప్పడానికి పేర్లు చాలానే ఉంటాయి. వెనక సీట్లో కూర్చున్న అమ్మకు మాత్రం ఆ మూడు రోజుల్లో మిగిలేది కారు కిటికీ, దారిలో ఆగిన పెట్రోలు బంకులు. ఆవిడ అంత దూరం వచ్చింది అందుకేనా?

ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మ్యాపులో ఒక్క మూల ఎంచుకోండి, తక్కినదంతా వదిలెయ్యండి. రాత్రికి ఫలానా ఊరు చేరి తీరాలన్న పట్టుదల ఉన్నంతసేపూ ఎంత నిదానంగా నడిపినా అది పరుగే. ఆ పట్టుదల పోవాలంటే ముందు జాబితాలోంచి పేర్లు పోవాలి.

వదులుకోవడం ఎందుకు తప్పదో తీరం చూస్తే తెలుస్తుంది. ఉత్తరాన డొనెగాల్ నుంచి దక్షిణాన కార్క్‌లోని కిన్‌సేల్ దాకా అట్లాంటిక్ ఒడ్డునే సాగే 'వైల్డ్ అట్లాంటిక్ వే' అనే దారిని 2014లో బోర్డులు పెట్టి ప్రారంభించారు. పొడవు సుమారు 2,500 కిలోమీటర్లు. ఆ రెండు కొసల మధ్య నేరుగా గీత గీస్తే అందులో అయిదో వంతు కూడా రాదు. మిగిలిందంతా మడతలే. సముద్రం లోపలికి చొచ్చుకొస్తుంది, నేల బయటికి పొడుచుకెళ్తుంది, దారి ఆ రెండింటి మధ్యా మెలికలు తిరుగుతూ పోతుంది. ఇలాంటి తీరంలో ఎంత దూరం వెళ్లామన్న లెక్కతో పనిలేదు. ఒక మడతలోకి పూర్తిగా దిగామా లేదా అన్నదే చూసుకోవాలి.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. ఒకే ఊళ్లో మూడు నాలుగు రాత్రులు బస. రోజుకు వంద కిలోమీటర్లకు మించని దారి. రోజుకు ఒక్కటే పెద్ద మజిలీ, అక్కడ కనీసం రెండు గంటలు. తక్కినవన్నీ దారి మన చేతిలో పెట్టేవి. పెట్టె రోజూ సర్దక్కర్లేకపోవడం ఎంత విశ్రాంతో పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

ఏ మూల అన్నది మీ ఇష్టం. కెర్రీ కావాలంటే వెళ్లండి. కానీ 179 కిలోమీటర్ల 'రింగ్ ఆఫ్ కెర్రీ'ని ఒక్క రోజులో చుట్టిరావాలని మాత్రం పెట్టుకోవద్దు. కిల్లార్నీ నుంచి టూరు బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి, మీరు వాటి వెనకో ఎదురుగానో ఇరుక్కుంటారు. పక్కనే ఉన్న బేరా ద్వీపకల్పానికి ఆ రద్దీ లేదు. అక్కడి హీలీ పాస్ అనే కనుమదారి 1847లో కరువు పనుల కింద వేసింది. డింగిల్ నుంచి కోనర్ పాస్ ఎక్కితే కొండ ఒక పక్క, లోయ ఒక పక్క, మధ్యలో సన్నటి దారి. బస్సుల్ని అటు రానివ్వరు. ఇంకో సంగతి: ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో బోర్డుల మీద ఇంగ్లిష్ పేర్లు ఉండవు. ఊరి పేరు ఇంగ్లిష్‌లో వెతుక్కుంటూ పోతే ఐరిష్ పేరు కనిపిస్తుంది. రెండు పేర్లూ కాగితం మీద రాసి పెట్టుకోండి.

నేనైతే మొదటిసారి వెళ్లేవాళ్లను మేయో, గాల్వే జిల్లాల సరిహద్దుకు పంపిస్తాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు కొన్ని కాగితాల పనులున్నాయి.

బయల్దేరే ముందు

ఐర్లండ్ షెన్‌గెన్‌లో లేదు. మనవాళ్లకు విడిగా ఐరిష్ వీసా కావాలి. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం. రెండింటి మధ్య చెక్‌పోస్టు ఉండదు, ఆపి అడిగేవాళ్లుండరు, కానీ చట్టం ఉంది. డొనెగాల్ నుంచి డబ్లిన్‌కు దారి అడిగితే ఫోను మిమ్మల్ని మారుమాట లేకుండా ఉత్తర ఐర్లండ్ మీదుగా తీసుకుపోతుంది. రోడ్డు అంచున పసుపు గీతలు పోయి తెల్ల గీతలు వచ్చాయంటే, వేగం బోర్డులు మైళ్లలోకి మారాయంటే, మీరు సరిహద్దు దాటేశారన్నమాట. బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం కింద తీసుకున్న వీసా అయితే రెండు చోట్లా చెల్లుతుంది. లేదంటే దారిని ముందే చూసుకుని దక్షిణం వైపే ఉండేట్టు మార్చుకోవాలి.

పర్యాటకులుగా వచ్చినవాళ్లు చెల్లుబాటులో ఉన్న మన లైసెన్సుతో నడపొచ్చు. అద్దె కారు ఇచ్చేవాళ్లు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడగొచ్చు కాబట్టి తెచ్చుకోవడం మేలు. అక్కడే ఉండిపోయినవాళ్లకు మన లైసెన్సు మార్చి ఇవ్వరు, లెర్నర్ పర్మిట్‌తో మొదలుపెట్టి పరీక్ష పాసవ్వాల్సిందే. కార్లలో ఎక్కువ గేర్లవే. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి, అద్దె ఎక్కువ. ఎడమ పక్కన నడపడం మనకు అలవాటే కనుక సగం భయం లేనట్టే. బంకులో మీరే కొట్టుకోవాలి: ఆకుపచ్చ గొట్టం పెట్రోలు, నల్లది డీజిలు. కారు తీసుకునేటప్పుడే మూత వెనక ఏముందో చదవండి. వీలైనంత చిన్న కారు తీసుకోండి. నలుగురున్నారని పెద్ద బండి తీసుకుంటే పల్లెదారిలో రెండు పక్కలా కంచె గీసుకుంటుంది.

సామాన్లలో ఊరగాయ పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు.

రెండు వేళ్లు, ఒక గేటు

మోటార్‌వే మీద పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఎన్ అక్షరంతో మొదలయ్యే జాతీయ రోడ్లు, ఆర్ తో మొదలయ్యే ప్రాంతీయ రోడ్లు, ఎల్ తో మొదలయ్యే ఊళ్ల రోడ్లు. ఈ వరసలో కిందికి దిగేకొద్దీ ప్రయాణం బాగుంటుంది. ఊళ్ల రోడ్ల మీద పరిమితి 80 ఉండేది. 2025 ఫిబ్రవరి 7 నుంచి 60కి తగ్గించారు. ఆ అరవై కూడా చట్టం ఒప్పుకునే హద్దు మాత్రమే, ఆ వేగంతో వెళ్లి తీరాలని కాదు. మధ్యలో గడ్డి మొలిచిన దారి మీద ముప్ఫయ్యే ఎక్కువ.

ఈ దారుల్లో నేర్చుకోవాల్సిన విద్య ఒకటుంది. ఒక్క కారు పట్టే దారి, రెండు పక్కలా రాతి గోడో, మనిషెత్తు కంచెపొదలో. కార్క్, కెర్రీ వైపు జులై తర్వాత ఆ పొదల నిండా ఎర్రటి ఫ్యూషియా పూలు వేలాడుతుంటాయి. మలుపు తిరగ్గానే ఎదురుగా కారు. ఇద్దరూ ఆగుతారు. ఎవరికి దగ్గర్లో పొలం గేటుందో, ఎవరి పక్క దారి కాస్త వెడల్పయిందో వాళ్లు వెనక్కి తీస్తారు. అక్కడ వాదన ఉండదు, హారన్ ఉండదు. దాటేటప్పుడు అవతలి మనిషి స్టీరింగు వదలకుండానే ఒక వేలో రెండు వేళ్లో పైకెత్తుతాడు. మీరూ ఎత్తండి. పరిచయం ఉన్నా లేకపోయినా ఎత్తుతారు. అరగంట అలా నడిపాక చూసుకుంటే వేళ్లు వాటంతటవే లేస్తుంటాయి, భుజాలు దిగి ఉంటాయి.

మన దగ్గర బండి నడిపినవాళ్లు ఒక్క అలవాటు మార్చుకోవాలి. ఇక్కడ ఎదురు బండివాడు డిప్పర్ కొట్టాడంటే 'నేనొస్తున్నా, తప్పుకో' అని. అక్కడ ఆగి ఉన్నవాడు లైట్లు కొట్టాడంటే చాలావరకు 'మీరు రండి' అని. ఈ తేడా తెలియక ఇద్దరూ ఆగిపోవడమో, ఇద్దరూ కదలడమో జరుగుతుంది. అయినా దారి ఖాళీగా ఉందని కళ్లతో చూసుకున్నాకే కదలండి. ట్రాక్టరువాళ్లు వెనక కార్లు పోగయితే పక్కకి తీసి దారిస్తారు. దాటాక హజార్డ్ లైట్లు రెండుసార్లు మెరిపిస్తే కృతజ్ఞత చెప్పినట్టు. మీ వెనకా ఎవరైనా చేరితే అలాగే తప్పుకోండి. నెమ్మదిగా వెళ్లే హక్కు మనకుంది. పాలు పోయడానికో, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవడానికో వెళ్తున్న ఊరివాళ్లను మన వెనక ఇరికించే హక్కు లేదు. నిదానంగా ప్రయాణించేవాళ్లు ఈ ఒక్క విషయంలో చురుగ్గా ఉండాలి.

ఇంకో మాట, నడిపేవారి గురించి. చుట్టూ అందరూ 'అబ్బ, అటు చూడు' అంటుంటే చూడకూడని మనిషి ఒక్కరే ఉంటారు. ఆ మనిషికి కూడా అది సెలవే. ఇద్దరి పేర్లూ బీమాలో రాయించి స్టీరింగు మార్చుకోండి. వీలుకాకపోతే, ఎవరికైనా బాగుందనిపించిన ప్రతిచోటా ఆపడానికి జాగా దొరకగానే ఆపండి. పొలం గేటుకు అడ్డంగా మాత్రం పెట్టొద్దు, ఖాళీగా కనిపించినా సరే. రైతు ఏ క్షణానైనా రావచ్చు.

వెస్ట్‌పోర్ట్ నుంచి లీనాన్

మేయో జిల్లాలో వెస్ట్‌పోర్ట్ అనే చిన్న ఊరుంది. బస అక్కడ పెట్టుకోండి. దక్షిణాన కిల్లరీ అఖాతం కొసన ఉన్న లీనాన్‌కు దారి అడిగితే ఫోను ఎన్59 చూపిస్తుంది, అరగంట పైచిలుకు. దాన్ని పక్కన పెట్టి ఆర్335 పట్టుకోండి. సముద్రం వెంబడి పడమరకు వెళ్లి, లూయిస్‌బర్గ్ దగ్గర దక్షిణానికి తిరిగే దారి. దూరం దాదాపు రెట్టింపు. రోజంతా దీనికే ఇవ్వండి.

ఊరు దాటి కొద్ది దూరం వెళ్లగానే మరిస్క్ దగ్గర ఎడమ పక్కన క్రో పాట్రిక్ కొండ, 764 మీటర్లు. ఏటా జులై ఆఖరి ఆదివారం వేలమంది మొక్కు తీర్చుకోవడానికి ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కొండ జోలికి పోకుండా రోడ్డుకు అవతలి పక్కకి నడవండి. అక్కడ కంచుతో చేసిన ఓడ ఉంది. తెరచాపలకు బదులు అస్థిపంజరాలు అల్లుకుని ఉంటాయి. జాన్ బీహన్ చేసిన జాతీయ కరువు స్మారకం అది, 1997లో ఆవిష్కరించారు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకడంతో మొదలైన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకా అంతమంది ఇలాంటి ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ ఓడ చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఇక ముందుకెళ్లే దారి మీకు వేరేగా కనిపిస్తుంది.

లూయిస్‌బర్గ్‌లో కాసేపు ఆగి టీ తాగండి. ఆ తర్వాత ఇళ్లు పల్చబడతాయి. గోడలు పోయి నల్లటి పీట్ నేల మొదలవుతుంది. ఆ నేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలం పొయ్యిలో కాల్చుకోవడం తరతరాల అలవాటు. కోసిన గాళ్లలో నీళ్లు నిలిచి ఉంటాయి. అడుగున నేల మెత్తన కావడంతో రోడ్డు ఒక్కోచోట ఒక్కోలా కుంగి, పరుపు మీద నడిచినట్టు కారు ఊగుతుంది. వేగంగా వెళ్తే నడుములు విరుగుతాయి, నలభైలో వెళ్తే ఆ ఊపు హాయిగానే ఉంటుంది. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. వాటి వీపుల మీద ఎరుపు, నీలం రంగు మచ్చలు ఏ మంద ఎవరిదో చెప్పే గుర్తులు. హారన్ కొడితే బెదిరి అటూ ఇటూ ఉరుకుతాయి. ఆగితే వాటంతటవే లేచి పోతాయి.

అప్పుడు రెండు కొండల మధ్య పొడవాటి నల్లని చెరువు కనిపిస్తుంది. డూలాఖ్. దాని తలాపున రోడ్డు పక్కనే ఒక సాదా రాతి శిలువ ఉంటుంది. నగిషీ లేదు, మెట్లు లేవు, టికెట్టు లేదు. ఆపి దిగండి.

1849 మార్చి చివర్లో లూయిస్‌బర్గ్‌లో సాయం కోసం ఎదురుచూస్తున్న వందలాది పేదల్ని, మర్నాడు పొద్దున డెల్ఫీ లాడ్జికి వచ్చి అధికారుల ముందు నిలబడితేనే సాయం రాస్తామన్నారు. మీరిప్పుడు కార్లో వచ్చిన దారే, చెరువుకు అవతలున్న డెల్ఫీ దాకా సుమారు 19 కిలోమీటర్లు. ఎముకలగూళ్లయిన మనుషులు రాత్రి చలిలో, వానలో నడిచి వెళ్లారు. అక్కడ వాళ్లకేమీ దక్కలేదు. తిరిగొస్తూ దారి పొడవునా పడిపోయారు. ఎందరు పోయారన్న లెక్క ఈనాటికీ తేలలేదు. ఏటా మే నెలలో వాళ్ల పేరు మీద జనం ఈ లోయలో నడుస్తారు. ఆ స్మారకం మీద గాంధీజీ మాట చెక్కి ఉంది, తోటి మనిషిని అవమానపరిచి గౌరవం పొందాననుకోవడం ఎలా అన్న అర్థంలో. మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఆ పేరు దగ్గర తప్పకుండా ఆగుతారు. కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడ్డ తాతముత్తాతల కథలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. పిల్లలు వెంట ఉంటే ఈ కథ అక్కడే నిలబడి చెప్పండి. కార్లో కూర్చుని చెబితే ఇది వాళ్లకు అందదు. చెప్పాక చెరువు వెంబడి ఒక కిలోమీటరు నడిపించండి చాలు.

నేను ఈ మూలను ఎంచుకున్నది ఇందుకే. గంటకు ఎనభైలో వచ్చినవాళ్లకు ఇది అందమైన లోయ. వాళ్లు అద్దంలోంచి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు, శిలువ కనపడదు. ఆగినవాళ్లకు అందం ఏమాత్రం తగ్గదు, దాంతోపాటు అక్కడ నడిచిన మనుషులు కూడా ఉంటారు.

చెరువు దాటితే డెల్ఫీ, ఆ తర్వాత కిల్లరీ. సముద్రం కొండల మధ్యకు 16 కిలోమీటర్లు చొరబడ్డ అఖాతం అది. నీళ్ల మీద వరసగా తేలే డబ్బాలు కనిపిస్తాయి. వాటికి తాళ్లు కట్టి ఆల్చిప్పలు పెంచుతారు. ఆస్లీ జలపాతం దగ్గర పది నిమిషాలు, లీనాన్‌లో భోజనం, తిరుగు ప్రయాణం కావాలంటే ఎన్59 మీద. మర్నాడు కైల్‌మోర్ వైపు వెళ్లండి. 1920 నుంచి బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్న మఠం అది. క్రికెట్ ఇష్టమున్నవాళ్లకు ఇంకో ఆకర్షణ కూడా ఉంది: ఆ దగ్గర్లోని బాలినాహించ్ కోటను 1924లో కొనుక్కున్నది రంజీ ట్రోఫీ ఎవరి పేరు మీద ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీ. మూడో రోజు ఎక్కడికీ వెళ్లకపోయినా నష్టం లేదు.

వాన, వెలుతురు, తిండి

వాన పడుతుంది. పడమటి తీరంలో ఏడాదికి 225 రోజుల దాకా తడి రోజులే. కానీ మన ముసురులా పట్టుకుని కూర్చునేది తక్కువ. గాలి సముద్రం మీంచి మబ్బుల్ని తోసుకొస్తుంది, తోసుకుపోతుంది. వాన మొదలవగానే ప్లాను మార్చే అలవాటు మానుకుని, కారు పక్కకు ఆపి ఇరవై నిమిషాలు ఊరుకోండి. వాన వెలిశాక కొండల మీంచి దారాల్లా నీళ్లు దిగుతుంటాయి, అవి వాన ముందు లేవు. గొడుగు గాలికి ఆగదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కోండి.

జూన్‌లో రాత్రి 10 దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. దీన్ని వాడుకున్నవాళ్లు తక్కువ. సాయంత్రం ఆరున్నరకే భోజనం కానిచ్చి మళ్లీ బయల్దేరండి. టూరు బస్సులు అప్పటికి వెళ్లిపోయి ఉంటాయి, ఏటవాలు వెలుతురులో గోడలూ గొర్రెలూ నీడలు సాచుకుని ఉంటాయి. గాలి లేని సాయంత్రాలు మాత్రం కంటికి ఆనని దోమలు ముసురుతాయి, చేతులు కప్పే చొక్కా వేసుకోండి. డిసెంబరులో అయితే నాలుగున్నర లోపే చీకటి. అప్పుడు రోజుకు యాభై కిలోమీటర్లు చాలు.

పల్లెల్లో పబ్బుల వంటిళ్లు రాత్రి తొమ్మిదికల్లా, ఒక్కోచోట ఇంకా ముందే మూసేస్తారు. శాకాహారులకు కూరగాయల సూపు, గోధుమరంగు సోడా రొట్టె, వెన్న దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. ఆ రొట్టె మీద ఆవకాయ ఊట కొంచెం రాసుకుని చూడండి. పబ్బు అంటే తాగుడు చోటని పెద్దవాళ్లు వెనకాడతారు. పగటిపూట అక్కడ మనవళ్లతో సహా కుటుంబాలు భోంచేస్తుంటాయి, టీ అడిగితే కుండెడు ఇస్తారు. నడిపేవారు మాత్రం చుక్క కూడా ముట్టొద్దు.

తిరుగు దారి

డబ్లిన్‌కు తిరిగొచ్చేటప్పుడు ఎన్5 మీద ఫ్రెంచ్‌పార్క్ దాకా వచ్చి, అక్కణ్ణించి ఉత్తరానికి ఆర్361 మీద తిరిగితే బాయిల్ వస్తుంది. ఎన్4 హైవే ఈ ఊరిని పక్కకు పెట్టి పోతుంది, అందుకే చాలామంది చూడరు. తెలుగువాళ్లు చూడాల్సిన ఊరు. మార్గరెట్ కజిన్స్ 1878లో ఇక్కడే పుట్టింది. ఐర్లండ్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకెళ్లి, 1915లో భర్తతో మన దేశం వచ్చింది. 1919లో రవీంద్రుడు మదనపల్లె కాలేజీలో బస చేసినప్పుడు జనగణమనకు స్వరాలు రాసి పెట్టింది ఆవిడే. ఊరి మధ్యలో కింగ్ హౌస్ అనే పాత భవనం ఉంది. ఒకప్పుడు కానాట్ రేంజర్స్ పటాలం బ్యారక్సు. 1920లో జలంధర్‌లో ఉన్న ఆ పటాలం సైనికులు, ఐర్లండ్‌లో బ్రిటిష్ సేనలు చేస్తున్న అఘాయిత్యాలకు నిరసనగా ఆయుధాలు దించేశారు. అదే పటాలంలో, సోలన్ శిబిరంలో తిరుగుబాటుకు ముందు నిలిచిన జేమ్స్ డేలీ అనే యువకుణ్ణి ఆ నవంబరు 2న హిమాలయాల అంచున దగ్‌షాయి జైల్లో కాల్చి చంపారు. ఈ రెండు కథలూ తెలుసుకుని ఆ వీధుల్లో ఒక గంట నడవండి. నది ఒడ్డున 12వ శతాబ్దపు మఠం గోడలున్నాయి, అక్కడ కూర్చుని తెచ్చుకున్నది తినొచ్చు.

ఆ తర్వాత ఎన్4, కినెగాడ్ దగ్గర నుంచి ఎం4 మోటార్‌వే. అక్కడ వేగంగా వెళ్లండి, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. దారిలో టోలు గేటు దగ్గర చిల్లర చేతిలో ఉంచుకోండి. విమానాశ్రయానికి పోయేవాళ్లు ఎం50 ఎక్కాక మళ్లీ టోలు దాటతారు. దానికి గేటుండదు, కెమెరా నంబరు చూసుకుంటుంది. డబ్బు మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్లోనో దుకాణంలోనో కట్టాలి. కారు అప్పగించే ముందే ఆ పని చూసుకోండి.